సద్దుల బతుకమ్మ ప్లానింగ్, లండన్: విస్తర్లు, పూలు, మిగిలే చెత్త

హన్మకొండ నుంచి:

అన్నా, అక్కడ హాల్లో చేసే బతుకమ్మ భోజనాలకు మోదుగాకు విస్తర్లు కార్గోలో పంపమన్నారని నిన్న వరంగల్ చౌరస్తా దిక్కు పోయి చూసొచ్చాను. దుకాణాల్లో ఎక్కువగా ఉన్నవి మిషన్ మీద ఒత్తినవే. ఒకటి వెనక్కి తిప్పి గోటితో గీకితే ఆకు అడుగున సన్నటి ప్లాస్టిక్ కాగితం లేచొచ్చింది. చీపురుపుల్లలతో చేత్తో కుట్టినవి వెతికితే దొరుకుతాయి. దొరికినా పంపడం నాకు ఇష్టం లేదు. ఒక్క పూట తిని పారేసే ఆకును విమానమెక్కించి, అక్కడ "ఎకో ఫ్రెండ్లీ" అని బోర్డు పెట్టుకుంటే ఎట్లుంటుంది చెప్పండి?

అక్కడి సూపర్‌మార్కెట్లో దొరికే కంపోస్టబుల్ ప్లేట్లతోనూ జాగ్రత్త. వాటిలో చాలా రకాలు 60 డిగ్రీల దాకా వేడెక్కే పెద్ద కంపోస్టు యూనిట్లలోనే కుళ్లుతాయి, పెరట్లో కుప్పేస్తే ఏళ్లకేళ్లు అట్లనే పడి ఉంటాయి. ఇంగ్లండ్‌లో తిండి చెత్తను ఎక్కువగా గ్యాస్ తయారుచేసే ప్లాంట్లకు పంపుతారు. అక్కడ ఈ ప్లేట్లను మామూలు ప్యాకింగ్ లెక్కనే ఏరి పక్కన పడేయడం మామూలే. అందుకే ప్లేట్లు కొనేముందు మన హాల్ చెత్త ఎక్కడికి పోతుందో మేనేజర్‌ని అడగండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు అయితే 2023 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్‌లో నిషేధమే. క్యాటరింగ్ వాళ్లు పాత స్టాకు తెస్తారేమో, ముందే చెప్పిపెట్టండి.

నా మాట వింటే ఎవరి స్టీలు పళ్లెం, గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలి. సద్దులంటే పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, మలీద. ఇక్కడ పద్మాక్షి గుట్ట కాడ అవి చేతిలో పెడితేనే తినేస్తారు. నాలుగు రకాల కూరలతో బఫే పెట్టాక కదా మనకు ఈ ప్లేట్ల టెన్షన్ పట్టుకున్నది!

ఫుడ్ టీం:

చెప్పినంత ఈజీ కాదు అన్నా. సగం మంది పళ్లెం మర్చిపోతారు. పిల్లలున్నవాళ్లు అసలే తేరు. అన్నం ఎంత వండాలన్నదే నాకింకో తలనొప్పి. ఫారంలో "వస్తాం" అని కొట్టి రానివాళ్లే ఎక్కువ.

హన్మకొండ నుంచి:

నిజమే వదినె. హాల్ కిచెన్‌లో గిన్నెలు కడిగే మిషన్ ఉందేమో కనుక్కోండి. ఉంటే వాళ్ల పింగాణీ ప్లేట్లే అద్దెకు తీసుకోవచ్చు. లేకపోతే దగ్గర్లో ఉండే నాలుగిళ్ల స్టీలు సామాను ఒక డబ్బాలో వేసి ఉంచుదాం, మర్చిపోయినవాళ్లకు అక్కరకొస్తుంది. వంటకు మాత్రం ఫారం లెక్కను నమ్మకండి, రెండు రోజుల ముందు ఫోన్ చేసి అడగండి. మిగిలిన అన్నం సంగతి ఇంకా ముఖ్యం. వండిన అన్నాన్ని గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, ఒక రోజుకు మించి ఉంచొద్దు అని అక్కడి ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ చెప్తుంది. ఆట అయ్యేదాకా హాల్లో మూతపెట్టి ఉంచిన పెరుగన్నాన్ని రాత్రి డబ్బాల్లో సర్ది పంపితే పుణ్యం సంగతేమో గానీ కడుపు పాడవుతుంది. కొంచెం కొంచెం బయటికి తెస్తూ వడ్డించండి.

ఇక పూలు. అసలు తకరారు ఇక్కడుంది. పోయినసారి ఫొటోలు చూశాను. సగం బతుకమ్మల లోపల పూలు గుచ్చే పచ్చరంగు ఫోమ్, థర్మోకోల్ గోపురం. ఆ ఫోమ్ కూడా ప్లాస్టిక్కే. నలిగితే పొడిపొడి అయ్యి నీళ్లలో కలుస్తుంది. ఇంగ్లండ్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ కూడా తమ పూల ప్రదర్శనల్లో దాన్ని ఒప్పుకోవడం లేదు. మన దగ్గర ఎట్ల పేరుస్తారు? సిబ్బిలో గుమ్మడాకో ఆముదమాకో పరిచి, చుట్టూ వరసలు కడుతూ, నడుమ బోలులో కోసిపడేసిన కాడలు, ఆకుల తురుము నింపుకుంటూ పోతారు. పూల చెత్తే బతుకమ్మకు కడుపు. నిండిన కొద్దీ నొక్కుకుంటూ పోతే కదలమన్నా కదలదు.

మరి ఫోమ్ ఎందుకు పెడుతున్నారంటే, ఇంట్లో పేర్చి కారులో గంట ప్రయాణం చేయాలి కాబట్టి. కుదుపులకు ఒరిగిపోతుందని భయం. బతుకమ్మ ఒళ్లో ఉందని ఇంటికో కారు. ఇట్లాంటి ఫంక్షన్లలో గాలిని ఖరాబు చేసేదాంట్లో పెద్ద వాటా జనం వచ్చిపోయే ప్రయాణాలదే, ప్లేట్లది కాదు. అందుకే హాల్ మధ్యాహ్నం నుంచే బుక్ చేయండి. పూలు సంచుల్లో పట్టుకుని ట్రైన్‌లో వచ్చి, అందరూ అక్కడే కూర్చుని పేర్చుకోండి. ఇక్కడ పుట్టి పెరిగిన అమ్మమ్మలుంటే పిల్లలకు వాళ్లే నేర్పిస్తారు. హాల్ అద్దె కొంచెం పెరుగుతుంది, ఫ్లెక్సీ, షీల్డులు ఎత్తేస్తే సరి. బ్యానర్ కావాలంటే గుడ్డ మీద రాయించండి, సంవత్సరం వేయకుంటే వచ్చే ఏడూ అదే కట్టుకోవచ్చు.

తంగేడు, గునుగు ఇక్కడి నుంచి పంపమని మాత్రం అడగొద్దు. పచ్చి పూలు, ఆకుల్లో చాలావాటికి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి. అక్కడ ఆ కాలంలో చామంతి, డాలియా, బంతి ఉంటాయి. పసుపుపచ్చగా తంగేడులాగా కనిపించే గోల్డెన్‌రాడ్ కూడా తోటల్లో పూస్తుంది. అలాట్‌మెంట్ (తోట పెంచుకోడానికి అద్దెకిచ్చే జాగా) ఉన్నవాళ్లను ముందే అడిగి పెట్టుకోండి. పార్కుల్లో కోయకండి.

హాల్ టీం:

నిమజ్జనం పక్కనున్న పార్కు చెరువులో చేద్దామా? పూలు నీళ్లను శుద్ధి చేస్తాయి కదా, పర్మిషన్ కోసం కౌన్సిల్‌కు (ఇక్కడి మున్సిపాలిటీకి) అదే రాస్తా.

హన్మకొండ నుంచి:

తమ్మీ, అది మాత్రం రాయకు. పూలు నీళ్లలో కుళ్లితే ఆ నీళ్లలోని ఆక్సిజన్ తగ్గుతుంది. మన ఊరి పెద్ద చెరువులు వేరు, పార్కులో బాతులు తిరిగే చిన్న మడుగు వేరు. పర్మిషన్ ఇచ్చినా అందులో వేయొద్దు. హాల్ వెనక పెద్ద టబ్బులో నీళ్లు పోసి, పసుపు గౌరమ్మను ముందే తీసి పెట్టుకుని, పాట పాడుకుంటూ సాగనంపండి. తెల్లారి పూలు వడగట్టి అలాట్‌మెంట్ కంపోస్టులో వేయాలి. దారాలు, పుల్లలు, మెరుపు కాగితాలు ఉంటే ఏరాలి, దానికి ఇద్దరు కావాలి.

ఫుడ్ టీం:

ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. స్టీలు డబ్బాకు మా ఇంటి నుంచి పళ్లేలు ఇస్తా, గ్లాసులు ఇంకెవరైనా తేవాలి. డిష్‌వాషర్ సంగతి హాల్ టీం ఆదివారంలోపు చెప్పండి.