సాజ్ రొట్టె తింటే ద్రూజ్ భోజనం చేసినట్టేనా?

బాటసారి: ఇజ్రాయెల్లో హైఫా దగ్గర ద్రూజులు (అరబ్బీ మాట్లాడే ఒక మతవర్గం) ఉండే దాలియత్ అల్-కార్మెల్‌కి వెళ్లేవాళ్లకి ఇక్కడ అందరూ ఇచ్చే సలహా ఒకటే: బజార్లో సాజ్ రొట్టె (బోర్లించిన ఇనప పెనం మీద కాల్చేది), లబ్నే (నీరు వడకట్టిన గట్టి పెరుగు) తినేయండి, అదే ద్రూజ్ భోజనం అని. అది ఫలహారమండీ. భోజనమంటే ముజద్దరా (పప్పు, గోధుమరవ్వ కలిపి వండేది), ద్రాక్షాకు చుట్టలు, కిబ్బే (మాంసం, గోధుమరవ్వ కలిపి చేసేది), ఆలివ్ నూనెలో వేసిన లబ్నే ఉండలు ఒకేసారి పరిచి పెట్టేది. ముందురోజే చెప్పి ఏ ఇంట్లోనో వండించుకోవాలి.

బోర్లించిన మూకుడు: రొట్టెని అంత తేలిగ్గా తీసెయ్యకండి. 100–120 గ్రాముల ముద్దని అరగంట నాననిచ్చి, చేతుల మీద ఎగరేసి సాగదీసి, గుండ్రటి దిండు మీద పరిచి ఇనప సాజ్ మీద బోర్లిస్తారు. మన పూతరేకుల కుండలాగే ఇదీ బోర్లా ఉంటుంది. నిమిషంలో అయిపోవాలి. సాజ్ వేడి చాలకపోతే రొట్టె ఎండి అప్పడంలా విరుగుతుంది, మడత పడదు. లబ్నేకి లీటరు పెరుగు, చెంచా ఉప్పు, గుడ్డలో ఒక రోజు వేలాడదీయడం. వేలాడదీసిన ఆరు గంటల్లోనే దించేస్తే నీరు కారి రొట్టె చిరుగుతుంది.

పప్పుచారు: శాకాహారులకి బజారు రొట్టే నయం. ఇంటి భోజనంలో ఫ్రీకేని (పచ్చిగా కోసి కాల్చిన గోధుమలు) తరచూ కోడి ఉడికించిన నీళ్లతోనే వండుతారు, ద్రాక్షాకుల్లో కైమా ఉండొచ్చు, కిష్క్ (పెరుగు, గోధుమరవ్వ కలిపి పులియబెట్టి ఎండబెట్టిన పొడి) సూపులో కొవ్వులో వేయించి నిలవ చేసిన మాంసం పడుతుంది. "బిదూన్ లహ్మ్" (మాంసం లేకుండా) అంటే సరిపోదు, కోడిని మాంసం కింద లెక్కేయనివాళ్లుంటారు. "బిదూన్ జాజ్, బిదూన్ మరఖ్" కూడా అనాలి. జాజ్ అంటే కోడి, మరఖ్ అంటే మాంసం ఉడికించిన నీళ్లు.

బాటసారి: అందుకేగా ముందురోజే చెప్పమంటున్నది! ముజద్దరా ఎలాగూ ఉంటుంది. కప్పు ముడి మసూరు, కప్పు ముతక బుర్గుల్ (ఉడికించి ఎండబెట్టిన గోధుమల రవ్వ), మూడు పెద్ద ఉల్లిపాయలు. పప్పు ముప్పాతిక ఉడికాకే బుర్గుల్ వెయ్యాలి, ముందే వేస్తే పప్పు ఉడికేలోగా అది ముద్దయిపోతుంది. ఉల్లి బంగారు రంగు దగ్గర ఆపితే వంట చప్పగా ఉంటుంది, ముదురు గోధుమ రంగు రావాలి. ఇంకోటి, ములూఖియా మాత్రం అడక్కండి. ద్రూజులు ఆరాధించే అల్-హాకిమ్ (వెయ్యేళ్ల కిందట ఈజిప్టునేలిన ఫాతిమీ ఖలీఫా) నిషేధించిన ఆకుకూర అది, నిష్ఠగా ఉండేవాళ్లు ఇప్పటికీ ముట్టరు. కానుకగా వైన్ సీసా కూడా వద్దు.

గోంగూర: భోజనం తర్వాత ఇచ్చే మత్తే (మత్తెక్కదు లెండి) అర్జెంటీనా ఆకు మీద వేణ్ణీళ్లు పోసుకుని తాగేది కదా, అదేం సంప్రదాయం?

బోర్లించిన మూకుడు: వలస వెళ్లినవాళ్లు తిరిగొస్తూ తెచ్చిన అలవాటది. గుంటూరు మిరపకాయ మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? నీళ్లు మరగకూడదు, మరిగితే చేదెక్కుతుంది. పీల్చే గొట్టాన్ని కదపొద్దు, ఆకు పొడి అడ్డుపడుతుంది. మత్తే పోసిన ఒకే సొరబుర్ర చేతులు మారుతుంది కాబట్టి గొట్టాన్ని నిమ్మతొక్కతో తుడిచి ఇస్తారు. మధ్యలో "షుక్రన్" (థాంక్స్) అన్నారంటే ఇక చాలన్నట్టే, మళ్లీ మీ వంతు రాదు.

పప్పుచారు: మత్తే సరే. ఫ్రీకే సంగతి మాత్రం నేనన్నదే.