సెప్టెంబర్ 9 ముచ్చట్లు: ప్రశ్నలు, మాటల పట్టీలు, సర్వపిండి – ఎవరి పని ఏంది?

ప్రశ్నల టీం:
అందరికీ నమస్తే. ప్రజాకవి కాళోజీ జయంతి సెప్టెంబర్ 9 ఈసారి బుధవారం పడ్డది, అందుకే న్యూజెర్సీ కార్యక్రమం 12 శనివారం పెట్టుకున్నం. పిల్లల పోటీకి "సెప్టెంబర్ 9న ఏం జరిగింది" అని 15 ప్రశ్నలు అనుకున్నం. నలుగురికో జట్టు, ప్రశ్నకు 30 సెకన్లు. జవాబు చెప్పుడు, మార్కులేసుడు కలిపితే అర్ధగంట పడ్తది. ఇప్పటికి ఖాయమైనవి ఇవి:

1776లో అమెరికా కాంగ్రెస్ "యునైటెడ్ కాలనీస్" అన్న పేరు తీసి "యునైటెడ్ స్టేట్స్" అని పెట్టింది ఈ రోజే. 1850లో కాలిఫోర్నియా 31వ రాష్ట్రమైంది. 1947లో హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ల రెక్కల పురుగు దొరికింది. జపానోళ్లకు ఇది చామంతుల పండుగ. తొమ్మిదో నెల, తొమ్మిదో తారీకు. బతుకమ్మల చామంతి పేర్చే పిల్లలకు ఇది చప్పున ఎక్కుతది. టెడ్డీ బేర్ దినం గూడ ఆ రోజే, కానీ అది సర్కారు సెలవు కాదు, జనం సరదాకు జరుపుకునేది. ప్రశ్నల ఆ ముక్క రాయాలె.

తారీకులు సరిచూసే అన్న:
పురుగు ప్రశ్న మార్చాలె తమ్మీ. కంప్యూటర్‌ల తప్పును "బగ్" (పురుగు) అంటరు గదా. "బగ్ అనే మాట ఎట్ల పుట్టింది?" అని అడిగితే తప్పు. 1878ల ఎడిసన్ రాసిన ఉత్తరంలనే యంత్రంల లోపానికి ఆ మాట ఉంది. ఆ పురుగును కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ పట్టిందనుడు గూడ తప్పే; ఆమె ఆ ముచ్చటను నలుగురికి చెప్పి పేరు తెచ్చింది. అసలు జరిగింది: ప్యానెల్ ఎఫ్, 70వ రిలేల (కరెంటుతోని నడిచే స్విచ్చి) పురుగు ఇరుక్కున్నది. దాన్ని తీసి లాగ్ పుస్తకంల టేపుతో అంటించి, పక్కన 15:45 అని టైం రాసిన్రు. ఆ కాయితం ఇప్పుడు వాషింగ్టన్‌ల స్మిత్సోనియన్ మ్యూజియంల ఉంది. ప్రశ్న ఇట్ల పెట్టుండ్రి: "1947 సెప్టెంబర్ 9న కంప్యూటర్ రిలేల ఏం దొరికింది?"

టాల్‌స్టాయ్ పుట్టినరోజు ఎవరో చేర్చిన్రు. అప్పటి రష్యా పాత క్యాలెండర్‌ల అది 1828 ఆగస్టు 28, ఇప్పటి లెక్కకు సెప్టెంబర్ 9. పన్నెండు రోజుల తేడా. ఏదన్నొక పిల్ల ఆగస్టు అన్నదనుకో, ఆమెది తప్పని ఎట్లంటం? తీసేయండి.

చాకలి ఐలమ్మ వర్ధంతి 10వ తారీకు (1985), 9 కాదు. ఆమె ఊరు పాలకుర్తి మన దగ్గరిదే, వదిలిపెట్టొద్దు. "తెల్లారి ముచ్చట" అని వేరే పట్టీ చేయుండ్రి. నెల పేరు అక్షరాల్ల రాయాలె. 9/9 ఎట్ల చదివినా ఒక్కటే, కానీ 10/9 అంటే ఇక్కడి పిల్లలు అక్టోబర్ అనుకుంటరు.

కాళోజీ ప్రశ్నలు నాలుగన్నా ఉండాలె, ఇది ఆయన రోజు. 1914ల పుట్టింది కర్ణాటకల రట్టిహళ్లిల, పెరిగింది మడికొండల. "ఊరు ఏది?" అని ఊకె అడిగితే రెండు జవాబులు వస్తయి, "పుట్టిన ఊరు" అని రాయుండ్రి. పద్మవిభూషణ్ 1992. 2002 నవంబర్ 13న పోయినంక దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చిన్రు. ఇప్పుడు వరంగల్‌ల ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరే ఉంది.

ప్రింటింగ్ చూసే చెల్లె:
మాటల పట్టీలు 24. తొవ్వ, దూప, సోయి, ఇగురం, గల్మ, పొద్దుగాల, యాప చెట్టు, అంగి, లాగు... ముందర మాట, ఎన్క బొమ్మ. బొమ్మకు లొంగని సోయి, ఇగురం లాంటి వాటికి మాత్రం చిన్న వాక్యం. ఎన్క "సరైన మాట: దాహం" అని రాస్తామని ఒకరు అన్నరు, అది మాత్రం వద్దు. దూప గూడ సరైన మాటే. జనం పలుకును చిన్నగ చూడొద్దని జీవితమంత కొట్లాడిన మనిషి దినం ఇది.

ఫైలు వర్డ్‌ల పంపకుండ్రి. షాపోళ్ల కంప్యూటర్ల తెలుగు ఫాంటు లేకుంటే "కాళోజీ"ల ఓత్వం ఊడి చుక్కల సున్నాతోని పక్కకు పడ్తది, "సర్వ" వత్తు విడిపోతది. అక్షరాలన్నీ గీతలుగ మార్చి పీడీఎఫ్ చేసి, ఒక్క కాపీ తీయించి చదివినంకనే మిగతావి.

వీడియో కాల్ టీం:
హనుమకొండల పెద్దమనుషులతోని ముచ్చట పొద్దుగాల 10కి పెట్టినం, అక్కడ రాత్రి 7:30. సాయంత్రం పెడితే వాళ్లకు అర్ధరాత్రి దాటుతది, ఎవరూ మేల్కొని ఉండరు.

వంట చూసే వదిన:
సర్వపిండికి 4 కిలోల బియ్యప్పిండి, అర కిలో శనగపప్పు (రెండు గంటలు నానాలె), అర కిలో పల్లీలు వేయించి కచ్చాపచ్చాగ దంచి, 200 గ్రాముల నువ్వులు, కరివేపాకు, ఉల్లాకు, కారం. ఇక్కడి ప్యాకెట్ పిండి పొడిగ, మెత్తగ ఉంటది, సల్లనీళ్లతోని కలిపితే తట్టంగనే పలుగుతది. గోరువెచ్చని నీళ్లు పోయుండ్రి. నాలుగు కిలోలు ఒక్కసారి కలపొద్దు. ఉప్పుకు ఉల్లాకు నీరిడిసి పిండి జారుడైతది. కిలో చొప్పున కలుపుడు.

గిన్నెకు నూనె రాసి పల్చగ తట్టి, వేలుతోని ఐదారు బొక్కలు పెట్టి, బొక్కకింత నూనె వేసి, మూతపెట్టి సన్న మంట మీద ఎనిమిది పది నిమిషాలు. తిప్పుడు లేదు, ఒక్క దిక్కే కాలాలె. ఆలస్యమయ్యేది కాల్చుడు దగ్గర కాదు. గిన్నె వేడిగుంటే మళ్ల తట్టలేం, చెయ్యి కాల్తది. బోర్లేసి నల్ల కింద పట్టి సల్లార్చాలె. అందుకే ఒక్క పొయ్యికి రెండు గిన్నెలుండాలె: ఒకటి మంట మీద, ఒకటి సల్లారుకుంట. నాలుగు పొయ్యిలకు ఎనిమిది. ఇప్పటికి ఐదే ఉన్నయి. మందమైన అడుగు, మూత ఉన్నవి ఎవరింట్ల ఉన్నయో గురువారంలోపు చెప్పుండ్రి.