బ్లెన్నీ చేప పొట్ట లోపలికి పోయింది, ఏం చేయాలి?

ప్రశ్న (భీమవరం):
ఇంట్లో 200 లీటర్ల రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) పెట్టి రెండున్నర నెలలైందండి. రాళ్ల మీద పచ్చ నాచు జుట్టులా వేలెడు పొడవు పెరిగింది. షాపులో చెబితే లాన్‌మోవర్ బ్లెన్నీని తెచ్చాను. మొదటి వారం అద్దాలన్నీ గీకేసింది. ఇప్పుడు పక్క నుంచి చూస్తే పొట్ట నొక్కేసినట్టుంది, నాచు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పెల్లెట్లు (గుళికల మేత) ముట్టదు. చెరువులో నాచుకి వేసినట్టే చిటికెడు మైలుతుత్తం వేసెయ్యమంటున్నాడు మా బాబాయి. వేయొచ్చా?

జవాబు (నరసాపురం):
వద్దండి బాబూ! మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. పగడాలు, నత్తలు రాగికి తట్టుకోలేవు. పైగా రాళ్లూ ఇసుకా దాన్ని పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతాయి. బాబాయిగారి చెరువు లెక్క వేరు.

ఇక చేప సంగతి. దాని పళ్లు దువ్వెనలా సన్నగా ఉంటాయి. రాతి మీద పలచగా పట్టిన పాచిని, అందులో చిక్కుకున్న మడ్డిని గీక్కుని తింటుంది. జుట్టు నాచు జోలికి పెద్దగా పోదు. అద్దం మీది పాచి అయిపోయింది, ఇప్పుడది పస్తులుంటోంది. కొత్త ట్యాంకుల్లో ఈ చేప ఎక్కువగా పోయేది ఆకలితోనే.

ఉప్పూ నూనే లేని నోరి షీట్ (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు) కొని, రెండు వేళ్లంత ముక్కను చిన్న రాయికి రబ్బరు బ్యాండుతో చుట్టి, చేప రోజూ కూర్చునే చోట పెట్టండి. సాయంత్రానికి మిగిలింది తీసేయండి. వెనక అద్దం గీకకుండా దానికే వదిలేయండి. జుట్టు నాచు మీరే చేత్తో పీకాలి, తప్పదు. మూత ఉందా? ఇవి ఎగిరి బయట పడతాయి.

నీళ్లు ఎక్కడివి?

ప్రశ్న (భీమవరం):
బోరు నీళ్లేనండి. ఉప్పు కలిపి, ఉప్పు కొలిచే బాబాయి రిఫ్రాక్టోమీటరుతో 35కి (వెయ్యి పాళ్లకి 35 పాళ్లు ఉప్పు) తెస్తున్నా. మూతకి మెష్ వేశాను.

జవాబు (నరసాపురం):
నాకు అక్కడే అనుమానంగా ఉంది. అది సముద్రపు ఉప్పో, బోరులో ముందే ఉన్న ఉప్పో ఆ మీటరుకి తెలీదు కదా. నైట్రేట్, ఫాస్ఫేట్ కూడా బోరులోంచే వస్తుంటే మీరు నాచుకి ఎరువు పోస్తున్నట్టే. రెండూ కిట్‌తో చూడండి, ముందు బోరు నీళ్లలో, తర్వాత ట్యాంకులో. ఇకనుంచి ఆర్వో నీళ్లే వాడండి. వంటింటి ఆర్వోల్లో చాలావాటికి రుచి కోసం టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) పెంచే ఏర్పాటు ఉంటుంది, అవి పనికిరావు. టీడీఎస్ సున్నాకి దగ్గరగా ఉండాలి. వారానికి పది శాతం చొప్పున మార్చండి, ఒక్కసారే మార్చేయకండి.

ప్రశ్న (భీమవరం):
బోరు నీళ్లలోనే ఫాస్ఫేట్ కిట్ ముదురు నీలంగా వచ్చిందండి, అంటే ఎక్కువే ఉంది! నోరి రాత్రే కట్టాను. పొద్దున ముక్క అంచు రంపంతో కోసినట్టుంది. పొట్ట ఇంకా అలాగే ఉంది.

జవాబు (నరసాపురం):
తినడం మొదలెట్టింది, అదే కావాల్సింది. పొట్ట నిండటానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఈలోగా తోడుకని ఇంకో బ్లెన్నీని మాత్రం తేకండి, కొట్టుకుంటాయి.