అప్‌డేట్: ఇంగిల్‌షామ్ పాత చర్చి సంగతి

ఇంగ్లండ్‌లో స్విండన్ దగ్గర థేమ్స్ ఒడ్డున, ఆరాధనలు ఆగిపోయిన ఇంగిల్‌షామ్ చర్చి గురించి ఇక్కడ అడిగాను కదా: లోపల గోడల మీద రాతలు ఒకదాని మీద ఒకటి ఎందుకున్నాయి, రిపేరు ఎందుకు చేయలేదు అని. వెళ్లి చూశాను, కాస్త చదివాను కూడా.

కట్టడం చాలావరకు 13వ శతాబ్దం నాటిది. శిఖరం లేదు, పడమటి గోడపైన రెండు గంటల చిన్న గూడు, అంతే. గోడలే అసలు విషయం. మధ్యయుగంలో బొమ్మలు వేశారు. 16వ శతాబ్దపు మత సంస్కరణ (ఇంగ్లండ్ చర్చి పోపు నుంచి విడిపోయి, బొమ్మలు వద్దన్న మార్పు) తర్వాత వాటికి సున్నం కొట్టి బైబిల్ వాక్యాలు రాశారు. అవి పాతబడితే మళ్లీ సున్నం, మళ్లీ రాత. కొన్నిచోట్ల ఏడు పొరల దాకా ఉన్నాయట! ఇప్పుడవి పెచ్చులూడి అన్నీ కలగాపులగంగా కనిపిస్తున్నాయి.

రిపేరు చేశారు, కానీ కొత్తగా కనబడకుండా. దగ్గర్లోని కెల్మ్‌స్కాట్‌లో ఉండే కవి, డిజైనర్ విలియమ్ మోరిస్, 1877లో తాను స్థాపించిన పురాతన కట్టడాల రక్షణ సంఘం ద్వారా 1880ల చివర్లో ఆ పని చూసుకున్నాడు. ప్లాస్టర్ గీకనివ్వలేదు, తలుపులున్న పాత చెక్క బెంచీలు పీకనివ్వలేదు. మన గుళ్లలో శిల్పాలకు పెయింట్ పూసేవాళ్లకు ఈయన్ని చూపించాలి.

సాక్సన్ కాలపు (1066కి ముందరి) తల్లీబిడ్డల, అంటే మరియ, బాల యేసుల శిల్పం తప్పక చూడండి. ఒకప్పుడు బయటి గోడకు ఉండేది, దాన్ని నీడ గడియారంగానూ వాడారు. పైనుంచి దేవుడి చెయ్యి దిగుతుంటుంది.

ఇప్పుడు చర్చి బాధ్యత, ఇలా ఆరాధనలు ఆగిన పాత చర్చిలను కాపాడే చర్చెస్ కన్సర్వేషన్ ట్రస్ట్‌ది.