ఆరేళ్ళుగా ఉంటున్నవాళ్ళకి అద్దె ఎంత పెంచితే న్యాయంగా ఉంటుంది?

ప్రశ్న
మాది నాగోల్‌లో రెండంతస్తుల ఇల్లు. కింద అమ్మ ఒక్కతే ఉంటుంది, పై పోర్షన్ అద్దెకిచ్చాం. నాన్న పోయాక అద్దె వ్యవహారం పుణె నుంచి నేనే చూస్తున్నాను. పైన ఉన్న కుటుంబం దిగి ఆరేళ్ళు దాటింది. 9,500తో మొదలుపెట్టి మధ్యలో ఒక్కసారే పెంచాం, ఇప్పుడు 10,500. ఎదురు సందులో అంతే పోర్షన్‌కి టూలెట్ బోర్డు పెట్టి 15,000 అడుగుతున్నారు. ఈ ఏడాది డాబా లీకయితే వాటర్‌ప్రూఫింగ్‌కి 60,000 అయింది, దానికి తోడు బోరు మోటారు కాలిపోయింది. అమ్మకి ఈ అద్దే ఆదాయం. అమ్మేమో "వాళ్ళని కదపకురా" అంటుంది. ఒక రాత్రి బీపీ పెరిగి పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళింది వాళ్ళే, అద్దె కూడా ఎప్పుడూ అయిదో తారీఖు దాటనివ్వరు. "వచ్చే నెల నుంచి 14,000" అని వాట్సాప్‌లో టైప్ చేసి, పంపబుద్ధి కాక ఆగాను. ఏం చేయమంటారు?

జవాబు 1
ఆ మెసేజ్ పంపకండి. నేను పంపి చూశాను కాబట్టి చెప్తున్నా. ఇరవయ్యయిదో తారీఖున చెప్పి ఒకటి నుంచి 2,000 ఎక్కువ ఇమ్మన్నాను, వాళ్ళు ఏమీ అనలేదు, పదిహేను రోజుల్లో ఇల్లు చూసుకుని వెళ్ళిపోయారు. తర్వాత ఆషాఢం వచ్చింది, ఆ నెల మనవాళ్ళెవరూ కొత్తింట్లో పాలు పొంగించరు కదా, ఇల్లు చూసినవాళ్ళంతా శ్రావణంలో వస్తామన్నారు. మొత్తం రెండున్నర నెలలు తాళం. 12,000 ఇల్లు అది, అంటే 30,000 పోయింది, ఏడాదంతా ఆ 2,000 ఎక్కువ వచ్చినా 24,000 దాటదు. పెయింటింగ్, బ్రోకర్ కమిషన్ ఇందులో లెక్కేయలేదు. డబ్బు సంగతి అలా ఉంచితే, నాలుగేళ్ళు మా ఇంట్లో ఉన్న మనుషులు వెళ్ళేటప్పుడు నాతో మాట్లాడకుండా తాళాలు మా నాన్న చేతిలో పెట్టి వెళ్ళారు. అది ఇప్పటికీ బాధే.

జవాబు 2
నేను అద్దెకుండేవాణ్ణి. పెంచొద్దని ఏ కిరాయిదారూ అనడండీ, ధరలు మాకూ తెలుసు. మా బాధ టైము గురించి. డిసెంబరులో చెప్తే పిల్లల స్కూలు మధ్యలో ఎక్కడికి పోతాం? ఇల్లు మారాలంటే కొత్త అడ్వాన్సు రెండు నెలలది ముందే కట్టాలి, పాత ఓనరు పెయింటింగ్ కింద ఒక నెల పట్టుకుని మిగతాది ఎప్పుడో ఇస్తారు, మధ్యలో లోడింగ్, లారీ. చేతిలో ఎనభై వేలు లేకుండా మావంటివాళ్ళు కదలలేరు, ఆ సంగతి తెలిసి గట్టిగా అడిగే ఓనర్లున్నారు. మూడు నాలుగు నెలల ముందు, అదీ జూన్‌కి అనుకూలంగా చెప్పండి. ఇంకోటి, బాత్రూం తలుపు బాగు చేయించమని అడిగిన వారంలోనే మాకు అద్దె పెంచారు. అప్పటి నుంచి ఏది పాడైనా అడగాలంటేనే టెన్షన్.

జవాబు 3
విదేశాల్లో ఉండే ఓనర్ల ఫ్లాట్లు కొన్ని చూసుకుంటాను. ముందు మీ అగ్రిమెంటు తీసి చదవండి. పదకొండు నెలలదే అయ్యుంటుంది, అందులో పెంపు గురించి రాసి లేకపోతే గడువు మధ్యలో పెంచడం కుదరదు, రెన్యువల్‌కే అడగాలి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో అయితే అద్దె సవరించాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలని ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే అమలవుతుంది, కానీ పద్ధతి మంచిది, నేను అన్ని ఫ్లాట్లకీ అదే పాటిస్తాను.

టూలెట్ బోర్డు మీద రేటు చూసి లెక్క కట్టకండి, అది అడిగే ధర. మీ సందులో పాత కిరాయిదారులు నిజంగా ఎంతిస్తున్నారో కనుక్కోండి. ఇక్కడ ఎక్కువమంది ఏడాదికి 5 నుంచి 10 శాతం రాసుకుంటారు. మీరు ఇన్నేళ్ళూ పెంచకుండా ఊరుకున్నారు, అదంతా ఒకేసారి రాబట్టాలంటే వాళ్ళ నెత్తిన పిడుగు పడ్డట్టే. రెండు విడతలు చేయండి. డాబా ఖర్చు మాత్రం వాళ్ళ మీద వేయకండి, ఇల్లు మీది, కప్పు బాధ్యత మీదే.

జవాబు 4
నేను కొంచెం వేరేగా చెప్తాను. మీ అమ్మగారి మందులూ సరుకులూ ఆ అద్దెతోనే కదా, అడగడానికి మొహమాటం ఎందుకు? మార్కెట్ కంటే వెయ్యో రెండు వేలో తక్కువ అడగండి, చాలు. కానీ ఫోన్లో వద్దు, వెళ్ళి ఎదురుగా కూర్చుని అడగండి.

ప్రశ్న అడిగినవారు
అందరికీ థ్యాంక్స్ అండి. పోయిన ఆదివారం వెళ్ళాను. అమ్మని కూడా కూర్చోబెట్టి, అమ్మ ఖర్చులు ఎలా పెరిగాయో దాచకుండా చెప్పాను. జూన్ నుంచి 11,500, పై జూన్ నుంచి 12,500, ఆ తర్వాత ఏడాదికి 5 శాతం అనుకున్నాం, కొత్త అగ్రిమెంటులో రాస్తున్నాం. ఆయన వెంటనే ఒప్పుకున్నారు, మేం ఎప్పుడు అడుగుతామా అని రెండేళ్ళుగా చూస్తున్నారట.

లేచి వస్తూ, ఇంట్లో ఏమైనా చేయించాల్సినవి ఉన్నాయా అని అడిగాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వంటింట్లో సింకు కింద బకెట్ పెట్టి ఉంది, పైపు కారుతోంది, రోజూ రాత్రి పారబోస్తున్నారు. చెప్తే అమ్మకి ఖర్చని ఊరుకున్నారట. సోమవారం ప్లంబర్ వచ్చి అరగంటలో బాగు చేశాడు, 850 అయింది.