సమస్య: ‘పేరు లేనివాఁడె పేరు గనెను’ (ఆటవెలది)

నిర్వాహకులు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. ముందరి మూడు పాదాలు మీరు పూరించాలి.

పేరు లేనివాఁడె పేరు గనెను

విషయం మారుపేర్లు. కలం పేరు, యూజర్‌నేము, పదకర్త ముద్ర, శతకంలో మకుటం, ఏదైనా తీసుకోండి. ఆ పేరు ఎలా వచ్చిందో పద్యంలో కనపడాలి. మీరు మారుపేరు పెట్టుకున్న వైనం మాత్రం వద్దు, అందరికీ తెలిసిన పేర్లయితే తప్పొప్పులు సరిచూడడం సులువు.

కొత్తవారి కోసం: గురువును U, లఘువును I అనుకుంటే సూర్యగణాలు గలం (UI), నగణం (III). ఇంద్రగణాలు నలం (IIII), నగం (IIIU), సలం (IIUI), భగణం (UII), రగణం (UIU), తగణం (UUI). 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి. ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది. సమస్య పాదాన్ని విడదీస్తే పేరు, లేని, వాఁడె, పేరు, గనెను. నాలుగు గలాలు, చివర నగణం. యతి పే–పే.

ఇందులో చిక్కంతా ‘లేని’ దగ్గరే ఉంది. రెండో ‘పేరు’ కీర్తి అని అందరికీ తెలుసు, అక్కడ విప్పడానికి ఏమీ లేదు. మొదటి ‘పేరు’ ఏ పేరో, అది ఎక్కడ లేదో మీ మూడో పాదం చివరి మాట చెప్పాలి. పూరణ నిలిచేదీ కూలేదీ ఆ మాట మీదే.

ముత్యాలసరం:
కన్నవార లిడిన ఘనమగు నామమున్
దాచి కలము పేరు దాల్చి వ్రాసి
తెలుఁగునాట మనసు గెలిచిన కవులలో
పేరు లేనివాఁడె పేరు గనెను

అరసున్న:
ముత్యాలసరం గారూ, నడక హాయిగా ఉంది. ‘తెలుఁగు–గెలిచి’ ప్రాసయతి సరిపోయింది. రెండో పాదంలో ‘దాల్చి వ్రాసి’ చూసి ఎవరైనా ‘చి’ గురువు కదా అంటారేమో. కాదు. తెలుగు మాట మొదట్లో వచ్చే ‘వ్ర’ ముందరి అక్షరాన్ని గురువు చేయదు.

నా అభ్యంతరం అర్థం మీద. దాచుకున్నవాడు పేరు లేనివాడు కాడు, రెండు పేర్లున్నవాడు. సమస్య ‘లేనివాఁడు’ అంటోంది, మీరు ‘దాచినవాఁడు’ అని చూపించారు. పైగా ‘కవులలో’ అని మూడో పాదం ఆగిపోవడంతో ‘పేరు లేని’ అన్న మాట ఒంటరిగా మిగిలింది. దేని మీద పేరు లేదు? పుస్తకం అట్ట మీద లేదు. ఆ అట్టను పద్యంలోకి తెండి:

అట్టమీఁదఁ దనకు నమ్మ పెట్టినయట్టి
పేరు లేనివాఁడె పేరు గనెను

యతి అ–అ. ‘తనకున్ + అమ్మ’లో పైకి ‘న’ కనపడుతుంది కానీ లెక్కకొచ్చేది అచ్చు. గణాలు: అట్ట, మీఁదఁ, దనకు, తర్వాత ‘నమ్మపె’ రగణం, ‘ట్టినయట్టి’ సలం.

ముత్యాలసరం:
ధన్యవాదాలు అరసున్న గారూ. ‘అమ్మ’ వచ్చింది కాబట్టి మొదటి పాదంలో ‘కన్నవారు’ ఇక అనవసరం. సవరించిన పద్యం:

పొడవు పేరు విడిచి పొట్టిది చేపట్టి
రెండె యక్కరముల నిండి వెలిఁగి
యట్టమీఁదఁ దనకు నమ్మ పెట్టినయట్టి
పేరు లేనివాఁడె పేరు గనెను

శ్రీరంగం శ్రీనివాసరావు ‘శ్రీశ్రీ’ అయ్యారు, కాళీపట్నం రామారావు ‘కారా’ అయ్యారు. ఇద్దరికీ రెండక్షరాలే చాలాయి. ఇంటిపేరు మొదటి అక్షరం, సొంత పేరు మొదటి అక్షరం పక్కపక్కన పెట్టడమే సూత్రం. అందరికీ అది కుదరదు. మొదటి అక్షరాలు కలిసి నోటికి ఒక మాటలా పలకాలి, ‘శ్రీశ్రీ’లోలాగా అర్థం కూడా కలిసొస్తే ఇంకా మేలు.

యడాగమం:
ఇప్పుడు పద్యం పూర్తిగా నిలబడింది. ‘రెండె–నిండి’ ప్రాసయతిలో సున్నతో కూడిన డకారం రెండు చోట్లా ఉంది, బాగుంది.

‘రెండె యక్కరముల’ అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఛందస్సు లెక్కలో ‘శ్రీశ్రీ’ రెండక్షరాలు, రెండు గురువులు. కంప్యూటరుకు అలా కాదు. ఒక్క ‘శ్రీ’ని యూనికోడ్ నాలుగు ముక్కలుగా దాస్తుంది: శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఆ ముక్కలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు ముక్కకు 3 బైట్లు. అంటే ‘శ్రీశ్రీ’కి 8 ముక్కలు, 24 బైట్లు. పేరు ఇన్ని అక్షరాలకు మించకూడదని హద్దు పెట్టినచోట తెలుగు లిపిలో పేరు అనుకున్నదానికన్నా ముందే నిండిపోవడానికి కారణం ఇదే. ఒత్తులు ఎక్కువైతే ఇంకా ముందే నిండుతుంది. పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ‘రాజ్‌కుమార్’లో పెట్టే కనపడని అక్షరం మరో తంటా. అది ఉన్న పేరూ లేని పేరూ యంత్రానికి వేరువేరు. కొన్ని అక్షరాల దగ్గర కంటికి కూడా తేడా తెలియదు, వెతికితే మనిషి దొరకడు.

బండి ఱ:
రాముఁ డడుగఁ బేరు రాదని చెప్పఁగా
నంకె లైదు చివర నతికి చేరె
నంకె చెప్పి పిలుతు రందఱు సొంతమౌ
పేరు లేనివాఁడె పేరు గనెను

అరసున్న:
బండి ఱ గారూ, విషయం ఈ కాలానిది, నాకు బాగా నచ్చింది. మూడో పాదం చివర ‘సొంతమౌ’ వచ్చి ‘పేరు లేని’ని చక్కగా పట్టుకుంది. రెండో పాదంలో మాత్రం వ్యాకరణం తడబడింది. ‘అతికి’ అకర్మకం. అతికినవి అంకెలు, చేరినవాడు రాముడు. క్త్వార్థానికీ (‘అతికి’ లాంటి అసమాపక క్రియకూ) ప్రధాన క్రియకూ కర్త ఒక్కరే ఉండాలి. ఇలా అంటే?

అంకె లైదు తోఁక యయ్యె వెనుక

యతి అం–అ. అంకెలు తోకలా వేలాడడం కళ్లకు కట్టినట్టు కూడా ఉంటుంది. పై పాదంలోని ‘చెప్పఁగాన్’తో కలిసి ‘నంకె’ అవుతుంది.

బండి ఱ:
సవరణకు కృతజ్ఞతలండీ.

రాముఁ డడుగఁ బేరు రాదని చెప్పఁగా
నంకె లైదు తోఁక యయ్యె వెనుక
నంకె చెప్పి పిలుతు రందఱు సొంతమౌ
పేరు లేనివాఁడె పేరు గనెను

ఆ తోక ఎందుకు అవసరమవుతుందో కూడా చెప్పాలి. తెలుగు పేరు ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్లగానే దీర్ఘం పోతుంది, ళ–ల, ణ–న తేడాలు పోతాయి, నా బండి ఱ అసలే పోతుంది. ‘రమణ’, ‘రామన’ రెండూ అవే ఆరు ఇంగ్లీషు అక్షరాలు. ‘కల’, ‘కళ’ రెండూ అవే నాలుగు. తెలుగులో నాలుగు పేర్లు అక్కడ ఒక్క పేరుగా కుదించుకుపోతాయి, ముందొచ్చినవాడు పట్టుకుపోతాడు. ఎక్స్‌లో యూజర్‌నేముకు 15 అక్షరాలే హద్దు, అవీ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కింది గీత మాత్రమే. జీమెయిల్‌లో పేరు మధ్య చుక్క పెట్టినా లాభం లేదు, చుక్కను అది లెక్కలోకే తీసుకోదు. మిగిలే దారి అంకెలు.

యడాగమం:
అంకెలున్న యూజర్‌నేమును పద్యంలో పెట్టేవారికి పనికొచ్చే లెక్క ఒకటి. ఒకటి, రెండు, మూఁడు, ఐదు, ఆఱు, ఏడు, సున్న: ఇవన్నీ ఉన్నపళంగా సూర్యగణాలు. నాలుగు, తొమ్మిది భగణాలు, ఎనిమిది నలం, కాబట్టి ఇవి ఇంద్రగణాలు. ఆటవెలది సరిపాదంలో ‘నాలుగు’ను ఒకే గణంగా కూర్చోబెట్టలేం, ‘నాల్గు’ అంటే గలమై కూర్చుంటుంది. ‘పది’ రెండు లఘువులే, పక్క మాటను తోడు తెచ్చుకోవాలి.

సంవత్సరం ఉంటే పాతవారి భూతసంఖ్యలు (అంకెలకు బదులుగా చెప్పే మాటలు) వాడండి. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి వెనక్కి చెప్పడం పద్ధతి. 1947కు ఏడు గిరులు, నాలుగు వేదాలు, తొమ్మిది నిధులు, ఒక్క శశి. ‘గిరివేదనిధిశశి’ అంటే గిరివేద సలం, నిధిశశి నలం. బేసిపాదంలో రెండో సగం కచ్చితంగా నిండింది. యతి గికారానికి పడుతుంది కనుక పాదం ‘కీ, గె, కే’ లాంటి అక్షరంతో మొదలుకావాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు వరుస తిప్పకపోవడం. శశి నుంచి మొదలుపెడితే అది 7491 అవుతుంది.

తొలిఅడుగు:
పెద్దలకు నమస్కారం. మొదటి ప్రయత్నం, తప్పులు చెప్పండి.

యూజర్ పేరు కొఱకు యోచించి యోచించి
ఖాళి వదలి మురిసెఁ గడకు నొకఁడు
ఎల్లవారు వాని నెఱిఁగి రజ్ఞాతగఁ
పేరు లేనివాఁడె పేరు గనెను

నిర్వాహకులు:
తొలిఅడుగు గారూ, ఊహ చాలా మంచిది. పేరు రాయాల్సిన గడి ఖాళీగా వదిలేస్తే ‘అజ్ఞాత’ అనే పేరు దానంతట అదే వచ్చి కూర్చోవడం నిజంగా సమస్యకు సరిపడే సంగతి. ‘లేని’కి ఇంతకన్నా సూటి అర్థం ఈ వారం రాలేదు. యతులన్నీ కుదిరాయి. తప్పులు మూడు.

మొదటిది గణభంగం. ‘యూజర్’లో పొల్లు ముందరి ‘జ’ను గురువు చేస్తుంది. రెండు గురువులు సూర్యగణం కాదు, ఇంద్రగణమూ కాదు. ‘లాగిన్’తోనూ ఇదే గొడవ. ఇలాంటి మాటకు చివర ఉకారం చేర్చి తెలుగు మాట చేసుకుని విభక్తి పెట్టండి. ‘యూజరునకుఁ బేరు’ అంటే యూజ, రునకుఁ, బేరు అని మూడు సూర్యగణాలు అవే వచ్చేస్తాయి.

రెండోది సంధి. ‘ఒకఁడు + ఎల్లవారు’లో ఉత్వసంధి నిత్యం, ‘ఒకఁ డెల్లవారు’ కావాలి. అప్పుడు పై పాదంలో ఒక లఘువు తగ్గుతుంది. పాదం చివర సంధి చేయకుండా వదిలినా కొందరు ఓర్చుకుంటారు, నేను ఓర్చుకోను. మూడో పాదం హల్లుతో మొదలైతే ఈ బెడదే ఉండదు.

మూడోది అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది. ‘అజ్ఞాతగన్’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని తర్వాత ‘పేరు’ వస్తే ‘బేరు’ కావాలి. సమస్య పాదం మార్చే హక్కు మనకు లేదు. కాబట్టి మూడో పాదం చివర కన్, గన్, చేతన్, తోన్ లాంటి ద్రుతాంతాలు పెట్టకూడదు.

తొలిఅడుగు:
యూజరునకుఁ బేరు యోచించి యోచించి
ఖాళి వదలి మురిసెఁ గడకు నొకఁడు
వచ్చిపోవువారి వాక్కున నజ్ఞాత
పేరు లేనివాఁడె పేరు గనెను

నిర్వాహకులు:
మూడూ పోయాయి. ‘వచ్చిపోవువారి వాక్కున’ సహజంగా ఉంది. అభినందనలు.

ముత్యాలసరం:
మరో పూరణ.

వేయి నామములను వేదాలు పొగడినన్
వానిఁ జుట్టి పట్ట వశము గాదు
రూపు లేక యన్ని రూపాలఁ దోఁచెడి
పేరు లేనివాఁడె పేరు గనెను

బండి ఱ:
పద్యం గంభీరంగా ఉంది. కానీ విష్ణు సహస్రనామం వేదాల్లోది కాదు. భారతం ఆనుశాసనిక పర్వంలో అంపశయ్య మీది భీష్ముడు ధర్మరాజుకు చెప్పినది. ‘వేదాలు’ తీసి ‘భీష్ముండు’ పెట్టండి. రెండూ తగణాలే. వే–భీ యతి చెల్లుతుంది: వకారానికి భకారం మిత్రం, ఏకారానికి ఈకారం మిత్రం. ఒక్క మాట మారిస్తే చాలు.

ముత్యాలసరం:
మంచి దిద్దుబాటు. ‘వేయి నామములను భీష్ముండు పొగడినన్’ అని మార్చుకుంటున్నాను.

యడాగమం:
కవుల నెంచఁ దొలుతఁ గాళిదా సొక్కఁడై
చిటికెనకును దక్కెఁ జేరఁ డొకఁడు
వేఱొకండు లేని వ్రేలి కనామిక
పేరు లేనివాఁడె పేరు గనెను

అరసున్న:
కవులను వేళ్ల మీద లెక్కపెడితే చిటికెన వేలికి కాళిదాసు వచ్చాడని, ఆయనకు సమానుడు దొరకక పక్క వేలు ‘అనామిక’గానే మిగిలిందని చెప్పే పాత సంస్కృత శ్లోకం ఆధారం కదా. ఉంగరపు వేలి పేరే ‘పేరు లేనిది’. సమస్యకు ఇంతకన్నా బిగువైన కథ దొరకదు.

అయితే యడాగమం గారూ, వేలు అమహద్వాచకం (పురుషుణ్ణి చెప్పని మాట). ‘పేరు లేనిది’ అవుతుంది కానీ ‘లేనివాఁడు’ కాదు. ‘చేరఁ డొకఁడు’, ‘వేఱొకండు లేని’ రెండూ ఒకే మాట కూడాను. ఆ జాగా ఖాళీ చేసి, ఆ వేలి మీద ఒక కవిని ఊహించి నిలబెట్టండి. ‘వ్రేలికి + అనామిక’ మీద మాత్రం నాకు అభ్యంతరం లేదు, షష్ఠి ‘కి’ ఏమ్యాదుల్లోనిది (‘ఏమి’ మొదలైన మాటల జాబితాలోనిది), సంధి వైకల్పికం.

యడాగమం:
కవుల నెంచఁ దొలుతఁ గాళిదా సొక్కఁడై
చిటికెనకును దక్కెఁ జేరువైన
యుంగరంపువ్రేల నున్న కవి యొకండు
పేరు లేనివాఁడె పేరు గనెను

‘వ్రేలన్ + ఉన్న’ కనుక యతి ఉ–ఉ. చివరి గణం ‘వి యొకండు’ సలం.

తొలిఅడుగు:
బీనాదేవి గారి మీద రాయవచ్చా అండీ? భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరి దంపతుల ఉమ్మడి కలం పేరు కదా.

నిర్వాహకులు:
కథ మంచిదే కానీ ‘వాఁడె’ ఏకవచనం, పుంలింగం. ఇద్దరిని అందులో ఇరికిస్తే ఒకరు బయటే ఉండిపోతారు. 1965లో వచ్చిన దిగంబర కవుల్లో ఒకరిని తీసుకోండి. ఆరుగురూ పుట్టుపేర్లు వదిలి కొత్త పేర్లతోనే వచ్చారు. ‘నగ్నముని’ అంటే ‘నగ్న’ గలం, ‘ముని’ రెండు లఘువులు, మరో లఘువు చేరితే నగణం. ‘నగ్నముని’ని సరిపాదం మొదట్లో పెట్టి, పక్కన లఘువుతో మొదలయ్యే మాట వేసి చూడండి.

గడువు ఆదివారం రాత్రి వరకు ఉంది. ముత్యాలసరం, బండి ఱ, యడాగమం, తొలిఅడుగు గార్ల సవరించిన పద్యాలు సంకలనంలో చేర్చాను. వచ్చే వారం సమస్య కూడా ఆటవెలదే:

దొంగపేరె నిజముఁ దోడి పెట్టె