టైమ్-వెయిట్ గడువును తగ్గించే ప్యాచ్‌ను ఆమోదించవచ్చా?

ప్రతిపాదకుడు: లినక్స్ కెర్నెల్‌లో టీసీపీ కనెక్షన్‌ను ముందుగా మూసిన పక్షం ఆ సాకెట్‌ను (కనెక్షన్‌కు తనవైపు కొనను) 60 సెకన్లపాటు టైమ్-వెయిట్‌లో, అంటే అదే పోర్టు జతను వెంటనే తిరిగి వాడనివ్వని నిరీక్షణ స్థితిలో, ఉంచుతుంది. ఈ గడువు కోడ్‌లో స్థిరాంకంగా ఉంది. దానిని 1 నుంచి 60 సెకన్ల మధ్య మార్చుకునేలా ఒక సెట్టింగ్‌ను జోడించే ప్యాచ్ ఇది. బయటికి వెళ్లే కనెక్షన్లకు కెర్నెల్ కేటాయించే తాత్కాలిక పోర్టులు డిఫాల్ట్‌గా 32768 నుంచి 60999 వరకు, అంటే 28,232 మాత్రమే. కాబట్టి ఒక ప్రాక్సీ (వినియోగదారుల అభ్యర్థనలను వెనుక సర్వర్లకు చేరవేసే మధ్యవర్తి) ఒకే బ్యాకెండ్ పోర్టుకు సెకనుకు సుమారు 470కి మించి కొత్త కనెక్షన్లు తెరుస్తూ పోతే నిమిషంలోనే పోర్టులు నిండుకుంటాయి.

సమీక్షకుడు: లెక్కతో నాకు పేచీ లేదు. అయితే ప్యాకెట్లలో సమయాన్ని తెలిపే టైమ్‌స్టాంప్‌లు రెండు వైపులా పనిచేస్తున్నప్పుడు, టైమ్-వెయిట్‌లోని పోర్టులను తిరిగి వాడనిచ్చే టీడబ్ల్యూ_రీయూజ్ సెట్టింగ్‌ను 1గా పెడితే బయటికి వెళ్లే కనెక్షన్లకు ఆ పోర్టులు సెకను తరువాత తిరిగి దొరుకుతాయి. అది ఉండగా ఈ ప్యాచ్ ఎవరికి అవసరం?

ప్రతిపాదకుడు: మధ్యలోని ఫైర్‌వాల్ టైమ్‌స్టాంప్‌లను తొలగించే చోట రీయూజ్ పనిచేయదు. మా అవసరం సరిగ్గా అక్కడే ఉంది.

సమీక్షకుడు: నా అభ్యంతరం కూడా సరిగ్గా అక్కడే ఉంది. దారిలో చిక్కుకుని ఆలస్యంగా వచ్చిన పాత కనెక్షన్ సెగ్మెంట్‌ను (టీసీపీ పంపే డేటా ముక్కను) గుర్తించి తిరస్కరించేది టైమ్‌స్టాంపే. అది లేనిచోట మిగిలిన ప్రధాన రక్షణ ఈ నిరీక్షణ ఒక్కటే. మీరు దానినే కుదించమంటున్నారు.

మరొక సభ్యుడు: ప్రారంభ సీక్వెన్స్ సంఖ్య (కనెక్షన్‌లోని బైట్లకు వేసే వరుస సంఖ్యల మొదలు) గడియారంతోపాటు పెరుగుతుంది కదా, పాత సెగ్మెంట్ కొత్త కనెక్షన్ విండోలో, అంటే అది స్వీకరించే సంఖ్యల పరిధిలో, ఎలా పడుతుందండీ?

సమీక్షకుడు: అది 64 నానోసెకన్లకు ఒకటి చొప్పున, అంటే సెకనుకు సుమారు 1.56 కోట్ల చొప్పున పెరుగుతుంది. సెకనుకు 125 మెగాబిట్లకు మించి పంపే కనెక్షన్ ఆ గడియారాన్ని దాటిపోతుంది కనుక, వెంటనే అదే పోర్టు జతతో తెరిచిన కనెక్షన్ పాత సంఖ్యల పరిధిలోనే మొదలు కావచ్చు. అప్పుడు పాత డేటా కొత్త డేటాలో కలిసిపోయినా లాగ్‌లో ఏమీ కనిపించదు. టైమ్-వెయిట్‌ను త్వరగా ముగించిన పాత సెట్టింగ్ టీడబ్ల్యూ_రీసైకిల్ సంగతి తెలిసిందే: నాట్ (ఒకే చిరునామాను పలువురు పంచుకునే ఏర్పాటు) వెనుక ఉన్న వినియోగదారుల సిన్ ప్యాకెట్లను, అంటే కనెక్షన్ తెరిచే అభ్యర్థనలను, చప్పుడు లేకుండా పారేస్తూ వచ్చిన ఆ సెట్టింగ్‌ను చివరకు 2017లో, కెర్నెల్ 4.12లో తొలగించారు.

ప్రతిపాదకుడు: కనీస విలువను 15 సెకన్లకు పెంచితే అంగీకరిస్తారా?

సమీక్షకుడు: నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ (కెర్నెల్‌లో విడిగా ఉండే నెట్‌వర్క్ ఏర్పాటు) మొత్తానికి వర్తించే సెట్టింగ్‌గా అయితే అంగీకరించను; డేటా సెంటర్ లోపలి దారికి సరిపోయే విలువ బయటి దారికి కూడా వర్తిస్తుంది. సాకెట్‌వారీ ఆప్షన్‌గా రాసి పంపితే మళ్లీ చూస్తాను. అప్పుడు ఫిన్-వెయిట్-2 (అవతలి పక్షం మూసేవరకు వేచి ఉండే, టైమ్-వెయిట్‌కు ముందరి స్థితి) కోడ్‌ను కూడా సరిచేయండి: అక్కడి పోలిక ఇంకా పాత స్థిరాంకంతోనే జరుగుతోంది. ప్రాక్సీకి మరికొన్ని సోర్స్ చిరునామాలు కేటాయిస్తే, ఒక్కో చిరునామాకు పోర్టులు విడిగా లెక్కకు వస్తాయి కనుక, ఈలోగా పని జరుగుతుంది.